కడుపులో బిడ్డకు కార్డు

జోంబా,
23 మే 2004

అన్నయ్యకు,

నీ ఆరోగ్యం, వదిన నడుం నొప్పి, చర్చి పైకప్పు పని, అన్నీ అడగాల్సిన వరసలో అడిగాననుకో. ఈసారి నాకు ఓపిక లేదు. నాలుగు రోజులుగా ఒక కాగితం నా పరుపు కింద ఉంది. దాని మీద పడుకుని నిద్రపోవడం నావల్ల కావడం లేదు.

నా పిచ్చి నీకు తెలుసు. బజారులో వేరుశనగలు కొని, గింజలు పిల్లలకు పంచి, పొట్లం కాగితం ఇంటికి తెచ్చుకునే మనిషిని. పాత ఎన్నికల కరపత్రం మీద నూనెలో వేయించిన మందాసి బూరెలు పెట్టి అమ్ముతోందని ఒకావిడతో నడిరోడ్డున పోట్లాడాను. నూనె మరకతోనే ఆ కరపత్రం ఇప్పుడు నా పెట్టెలో ఉంది. పార్టీ కార్డులు, బ్యాడ్జీలు, మహాసభల పాసులు, నాయకుడి బొమ్మ అచ్చువేసిన గుడ్డలు, ఇరవై ఏళ్ళుగా పోగేస్తున్నాను. అందరూ కాల్చేసుకున్నవి నేను దాచుకున్నాను. వాటిలో అన్నిటికన్నా అరుదైనవి కడుపులో బిడ్డ కార్డులు. నా దగ్గర మూడే ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట "ఫలానా ఆమె కడుపులోది" అని రాసి, పక్కన పార్టీ ముద్ర. చూసిన కుర్రకారు నవ్వుతారు, నిజమేనా అంటారు. ఒకే పార్టీ ఏలిన ఆ రోజుల్లో పార్టీ కార్డు లేనిదే బస్సు కూడా ఎక్కనిచ్చేవారు కాదని, గర్భిణి తన కార్డు ఒకటే చూపిస్తే బజారు గేటు దాటనివ్వని చోట్లు ఉండేవని వాళ్ళకు ఎలా చెప్పను?

పలు పార్టీల ఎన్నికలు వచ్చి పదేళ్ళయిందని మా ఊరి గ్రంథాలయంలో జూన్ 12, శనివారం ప్రదర్శన పెడుతున్నారు. కాగితాలన్నీ నావే. చనిపోయిన మన ఊరి పార్టీ శాఖా కార్యదర్శి మనవడు, ఇల్లు ఖాళీ చేస్తూ, వాళ్ళ తాత రేకు పెట్టె నాకు ఇచ్చేశాడు. పొగాకు ఆకులు పరిచి దాచిన పెట్టె, ఒక్క పురుగు పట్టలేదు. అందులో కార్బన్ నకళ్ళ కట్ట ఉంది. బస్సు ఎక్కనివ్వకుండా ఆపిన వాళ్ళ జాబితాలు, రోజుకొకటి.

1973 నవంబరు 13, మంగళవారం. మన ఊరి బస్సు స్టాండు. ఏడో పేరు ఇలా ఉంది: "ఎల్లినేసి, లైటన్ భార్య. తన కార్డు ఉంది. కడుపులో బిడ్డకు లేదు. కొనమంటే కొనలేదు. ఎదురు మాట్లాడింది. బస్సు ఎక్కనివ్వలేదు." కింద, "రాసినవాడు: వైసన్ లికాగ్వా, యువజన దళం."

సంతకం లేకపోయినా గుర్తుపట్టేదాన్నే. పలక మీద నా చేత అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే.

అన్నయ్యా, ఆ రోజు బస్సు రాలేదని కదా మన ఇంట్లో చెప్పుకున్న మాట. ఎల్లినేసి పిన్ని మిషన్ ఆసుపత్రికి బయల్దేరింది, బస్సు రాలేదు, నడిచింది, దారిలో ప్రసవించి చనిపోయింది, గనుల పనికి పోయిన లైటన్ మరి తిరిగి రాలేదు, బిడ్డను అమ్మ తెచ్చి పెంచింది. ముప్పై ఏళ్ళుగా డోరికాకు ఇదే చెప్పాం. అది ఇప్పటికీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే కండక్టరును ఉతికి ఆరేస్తుంది. "నీలాంటివాళ్ళ వల్లే నాకు అమ్మ లేదు" అంటుంది. వాళ్ళు పాపం బిక్కచచ్చిపోతారు.

ఆ డోరికాయే ఇప్పుడు నా పక్క గదిలో కూర్చుని, ప్రదర్శనకని నలిగిన కార్డులన్నీ గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తోంది. ఆ కట్ట ఇంకా దాని చేతికి వెళ్ళలేదు. వెళ్ళేలోపు నువ్వు నాకు ఏదో ఒకటి చెప్పాలి. అది నీ రాత కాదని చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

నీ చెల్లెలు,
ఫలేసి


ముజుజు,
28 మే 2004

ఫలేసీ,

నా రాతే.

నీ ఉత్తరం బడిలో, పిల్లల ముందు విప్పాను. చదివి బల్ల మీద తల పెట్టేశాను. హెడ్మాస్టరుగారికి, అంటే నాకు, జ్వరం వచ్చిందని తోటి టీచర్లు పిల్లల్ని పంపేశారు. జ్వరం కాదు, ముప్పై ఏళ్ళుగా ఎప్పుడు వస్తుందా అని చూస్తున్న రోజు వచ్చింది, అంతే.

నాకు పదహారేళ్ళు. ఎర్ర చొక్కా ఇచ్చారు, విజిల్ ఇచ్చారు, నాన్న వయసు వాళ్ళు నా ముందు కార్డు తీసి రెండు చేతులా చూపించేవారు. పైనుంచి ఉత్తర్వు ఉంది. కార్డు లేనివాళ్ళను ఎక్కిస్తే నా పేరే ఇంకొకడి జాబితాలో ఉండేది. నేను చేసింది ఉత్తర్వు ప్రకారం చేసిందే. ఇది నువ్వు నమ్మాలి. ఆమె ఆసుపత్రికి పోతోందని నాకు తెలియదు. సాయంత్రం అమ్మ పసిగుడ్డును గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు తెలిసింది.

అమ్మకు అన్నీ తెలుసు. బస్సు స్టాండులో పాతికమంది చూశారు, ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? అమ్మ నన్ను కొట్టలేదు. కనీసం తిట్టినా బాగుండేది. బస్సు రాలేదు అని ఊరందరి ముందు తనే మొదట అన్నది, ఊరు భయంతో తలూపింది. నన్ను మాత్రం ఆ బిడ్డను ఎత్తుకోనివ్వలేదు. ఒక్కసారి ఉయ్యాల దగ్గరికి వెళితే వచ్చి మధ్యలో నిలబడింది. పద్దెనిమిది నిండగానే నేను ఈ ఉత్తరాదికి ఎందుకు వచ్చేశానో, వచ్చినప్పుడల్లా ముద్ద మింగుడుపడక ఎందుకు లేచిపోతానో నీకిప్పుడు అర్థమై ఉంటుంది. నాకు పట్నం పొగరు పట్టిందని మీరు వెక్కిరించేవారు. వెక్కిరింపే నయమని ఊరుకున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ కాగితం తగలబెట్టు. చర్చి పెద్ద పరువు పోతుందని కాదు, పోనీ. లోకంలో ఆ పిల్ల ఒక్కతే నన్ను అనుమానం లేకుండా "అన్నయ్యా" అని పిలుస్తుంది. మీ అందరి పిలుపుల్లోనూ ఏదో ఒక ఎత్తిపొడుపు ఉంటుంది, దాని పిలుపులో ఉండదు. అది పోయాక నాకు ఏం మిగులుతుంది చెప్పు. నిజం తెలిస్తే దానికి వాళ్ళమ్మ తిరిగి వస్తుందా? ఉన్న అన్న పోతాడు.

కాల్చకుండా ప్రదర్శనలో పెట్టావంటే, నాకు చెల్లెలు లేదు. ఇది బెదిరింపు అనుకో, వేడుకోలు అనుకో. ప్రదర్శన రోజులోపు కాల్చానని రెండు ముక్కలు రాసి ఇటు వచ్చే ఉత్తరాది బస్సు డ్రైవరుకు ఇయ్యి.

వైసన్


జోంబా,
6 జూన్ 2004

అన్నయ్యకు,

ఈ ఉత్తరం ఇంకోలా రాయాలని కూర్చున్నాను. "కాల్చాను" అన్న ముక్క కాగితం మీద పెట్టి కూడా చూశాను. జరిగింది జరిగినట్టు చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

శుక్రవారం మధ్యాహ్నం ప్రదర్శన నడిపే సావుకిలా అట్టపెట్టెలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. మంచివాడే గానీ చేతులు ఊరుకోవు. కార్డులు చూశాడు, గుడ్డలు చూశాడు, ఉన్నట్టుండి బీరువా మీది రేకు పెట్టెలో చెయ్యి పెట్టాడు. ఆ ఉదయమే కాగితాన్ని పరుపు కింద నుంచి తీసి మళ్ళీ ఆ కట్టలోకి తోసి ఉన్నాను. జాబితాలా, ఇవే కదమ్మా అసలైన సరుకు, అని ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. నవంబరు నెల దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. కట్ట లాక్కున్నాను. ఆయన కళ్ళజోడు కిందపడింది. జీవితంలో ఎవరి చేతిలోంచైనా కాగితం లాక్కుంటే అది కాపాడటానికే, ఇలా ఎప్పుడూ కాదు. డోరికా ఇస్త్రీ ఆపి నన్నే చూస్తోంది.

ఆయన్ని ఏదో చెప్పి పంపేశాను. పెరట్లో బొగ్గుల పొయ్యి ఇంకా ఎర్రగానే ఉంది. ఆ ఒక్క కాగితం తీసుకుని వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. నిన్ను తలుచుకున్నాను. నాకు జ్వరం వస్తే నువ్వు వీపున మోసుకుని వాగు దాటించిన రోజు తలుచుకున్నాను. కాగితం అంచు వేడికి ముడుచుకోవడం మొదలైంది. అప్పుడు వెనకనుంచి డోరికా వచ్చింది.

"ఏంటక్కా అది? నూనె మరక కరపత్రం కోసం కొట్లాడినదానివి, నువ్వే కాలుస్తున్నావా?"

నేను ఏం కాదంటే వెళ్ళిపోయేదేమో. అది వంగి నా చేతిలోంచి తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగా, నలిగిన కార్డును తీసుకున్నట్టు తీసుకుంది. నేను ఇచ్చేశాను అన్నయ్యా. నువ్వు తిట్టేది ఉంటే అందుకు తిట్టు.

గుమ్మంలో నిలబడి వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. ఏడో పేరు దగ్గర వేలు ఆగింది. కిందికి వెళ్ళి నీ పేరు చదివింది. మళ్ళీ పైకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను.

"అంటే ఆ రోజు బస్సు వచ్చిందన్నమాట" అంది.

నేను దాని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నాకు తెలియదు, పదిహేను రోజుల క్రితం దాకా ఒట్టు, నాకు తెలియదు అని చెప్పాను. అమ్మ నీ మంచికే దాచింది అన్నాను. అన్నయ్య పదహారేళ్ళవాడు, పైనుంచి ఉత్తర్వు అన్నాను. నీ ఉత్తరం తెచ్చి చేతికిచ్చాను. అదీ చదివింది. ఉయ్యాల దగ్గర అమ్మ అడ్డం నిలబడిందని నువ్వు రాసిన చోట కాస్త ఆగింది, అంతే. తర్వాత ఇస్త్రీపెట్టె చల్లారిపోతోందని లోపలికి వెళ్ళి మిగిలిన కార్డులన్నీ ఇస్త్రీ చేసింది. ఆ రోజంతా ఒక్క మాట లేదు. నిన్న కూడా లేదు. నేను పెట్టింది తింది, గిన్నె కడిగింది, బజారుకు వెళ్ళింది. బస్సు గంట ఆలస్యమైందట. కండక్టరును ఏమీ అనలేదని పక్కింటావిడ వచ్చి నాతో చెప్పి, పిల్లకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక నోరు విప్పింది. నిన్ను క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"మా అమ్మ గురించి నాకు తెలిసింది చచ్చిపోయిందన్నదొకటే. ఫొటో లేదు. సంతకం లేదు. ఈ కాగితంలో మా అమ్మ ఎదురు మాట్లాడిందని ఉంది. ఏమందక్కా? అది రాయలేదేం? అన్నయ్య అక్కడే ఉన్నాడుగా. నాకు ఆయన ఏడుపొద్దు, క్షమాపణలొద్దు. మా అమ్మ ఏమందో అది రాసి పంపమను."

కాగితం దాని దగ్గరే ఉంది. శనివారం ప్రదర్శనలో పెట్టాలో వద్దో, నీ జవాబు చదివాక చెప్తానంది. నా చేతిలో ఇంక ఏమీ లేదు. రేపు తెల్లారే డ్రైవరుకు ఈ ఉత్తరం ఇస్తాను. నువ్వు నాకు రాయొద్దు, దానికి రాయి. ఒక్క మాట కూడా తీపి చేసి రాయకు. పాత కాగితాలు చూసీ చూసీ దానికీ అలవాటైంది, దిద్దిన చోటు ఇట్టే కనిపెడుతుంది.

ఫలేసి


ముజుజు,
9 జూన్ 2004

డోరికా,

ఏమని పిలవాలో తెలియక నీ పేరు ఒక్కటే రాశాను.

ఫలేసికి రాసిన ఉత్తరంలో ఉత్తర్వు ప్రకారం చేశానన్నాను. అది అబద్ధం. కడుపుతో ఉన్నవాళ్ళను చాలామందిని చూడనట్టు వదిలేసేవాడిని, అందరం అలాగే చేసేవాళ్ళం. ఆసుపత్రికి పోతోందని తెలియదన్నాను. అదీ అబద్ధమే. చేతిలో మూట ఉంది, పాత గుడ్డలు ఉన్నాయి, ఎవరికైనా తెలుస్తుంది. నీకు మీ అమ్మ మాటలు కావాలంటే ఇది కూడా చదవక తప్పదు, ఎందుకంటే ఆ మాటల వల్లే నేను ఆమెను ఆపాను.

వరసలో ఆమె ఏడోది. నడుముకు పసుపు రంగు చితెంజె గుడ్డ చుట్టుకుంది, చెప్పులు చేతిలో పట్టుకుంది. తన కార్డు చూపించింది. నా వెనక శాఖా కార్యదర్శి కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన వింటున్నాడని కాస్త గొంతు పెంచి, కడుపులో ఉన్నదానికి కార్డేది అన్నాను. ఆమెకు నేను పుట్టినప్పటినుంచీ తెలుసు. నవ్వింది.

"ఇంకా నోరు కూడా తెరవలేదు నాయనా అది. బయటికి రానీ. వచ్చి, మీ ఎర్ర చొక్కాలు చూసి, అప్పటికీ కావాలంటే అదే కొనుక్కుంటుంది. దాని తరఫున నేను సరేననను" అంది.

కొను పిన్నీ, బస్సు పోతుంది, అన్నాను. మొదట నేను మెల్లగానే అన్నాను, ఇది నా తరఫున చెప్పుకోవడం కాదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను. అప్పుడు ఆమె వరసంతటికీ వినబడేలా, "మొన్నటిదాకా మా పెరట్లో మామిడికాయలు దొంగిలించి నాతో చెవి మెలివేయించుకున్నవాడు, ఇవాళ నా కడుపుకు చీటీ అడుగుతున్నాడు చూడండి" అంది.

వరసలో అందరూ నవ్వారు. భయపడే రోజులు అవి, అయినా నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వాడు. అందుకే ఆపాను డోరికా. పార్టీ కోసం కాదు. పాతికమంది నన్ను చూసి నవ్వారని ఆపాను. ఆ మాటలు జాబితాలో రాస్తే మళ్ళీ నవ్వుతారని, ఎదురు మాట్లాడింది అని మాత్రం రాశాను. విజిల్ వేసి బస్సు పంపించేశాను.

కాగితం ప్రదర్శనలో పెట్టాలనుకుంటే పెట్టు. నా పేరు కనబడకుండా దాని మీద ఇంకో కాగితం అంటించవద్దు. శనివారం నేను వస్తున్నాను. లోపలికి రమ్మంటే వస్తాను, లేదంటే ఆ వీధిలోనే కాసేపు నిలబడి వెనక్కి పోతాను. అన్నయ్యా అని పిలవక్కరలేదు.

ఇంకొక్కటి ఉంది. ఇది జాబితాకు పనికొచ్చే మాట కాదు, నాతో అన్నదీ కాదు. ముప్పై ఏళ్ళుగా నా దగ్గర ఉంది, నీది. బస్సు పోయాక దుమ్ము తగ్గేదాకా ఆమె అక్కడే నిలబడింది. నా వైపు చూడలేదు. చెప్పులు నేల మీద వేసి తొడుక్కుంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, పక్కన నడిచే మనిషితో మాట్లాడినట్టు నీతో అంది:

"విన్నావా పిల్లా, నీ తరఫున వద్దన్నాను. తప్పయితే బయటికొచ్చాక తిట్టు. పద, నడుద్దాం."

వైసన్