వెనకే మోపెడ్ చప్పుడు

ఆగస్టు 3, ఆదివారం

మళ్ళీ బూట్లు వేసుకున్నా. శేఖర్ పోయాక ఇదే మొదలు. లేసులు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం... పెళ్ళిచూపులకి వెళ్తున్నంత హడావిడి. గేటు చప్పుడుకి మామయ్య లేచి వచ్చారు. "యాడికి మా?" పార్కుకి అన్నా. ఇదివరకు ఇంట్లోంచి ఎవరు కదిలినా "పోయిరా" అనే మనిషి. అనలేదు. గడపలోనే నిలబడిపోయారు.

రెండు రౌండ్లకే ఆయాసం. పెళ్ళయిన కొత్తలో శేఖర్ ఈ కార్పొరేషన్ పార్కులోనే పరుగు నేర్పాడు నాకు. నా ముందు వెనక్కి వెనక్కి పరిగెత్తుతూ, నా మొహం చూస్తూ — "ఊపిరి ముక్కుతో తీయి. మాట్లాడబాక." మాట్లాడించేది తనే.

బయటికొచ్చి చూద్దును కదా, పార్కు గేటు దగ్గర మామయ్య. మోపెడ్ మీద. లుంగీ, హెల్మెట్. "పాల ప్యాకెట్‌కి వచ్చినా మా." చేతిలో పాల ప్యాకెట్ లేదు.

ఆగస్టు 4

ఇవాళా పాలకే వచ్చారట.

ఆగస్టు 9, శనివారం

పార్కు విసుగొచ్చింది. బీచ్ రోడ్డు పట్టుకున్నా. కుడి పక్క సముద్రం, ఎడం పక్క చెన్నై హార్బరుకి పోయే కంటైనర్ లారీలు. మనలి రిఫైనరీ వైపు నుంచి గాలి కొడితే గ్యాసు వాసన... శేఖర్ దీన్ని "మన తిరువొత్తియూరు అగరొత్తి" అనేవాడు. వెనక డుగ్ డుగ్ డుగ్. నేను మెల్లగా పోతే బండీ మెల్లగా. నేను ఆగితే ఆగుతుంది. ఇక పాల అబద్ధం కూడా లేదు.

"మామయ్యా, మీరెందుకు ఇంత పొద్దున్నే..."

"నువ్వు పో మా. నేను ఎనకాలే వస్తా ఉండా."

కోపం వచ్చింది. ఒంటరిగా ఉందామనే కదా పరిగెత్తేది. ఇంటికొచ్చాక అత్తయ్య రాగిజావ ఇస్తూ, "మీరిద్దరూ పరిగెత్తేదానికి పోతారు, పెట్రోలు తాగేది మాత్రం బండి" అంది. నవ్వబోయి, ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

ఆగస్టు 16

ఇవాళ పరువు పోయింది. బీచ్ రోడ్డులో ఇద్దరు కుర్రాళ్ళు బైకు అడ్డంపెట్టి మామయ్యని ఆపారు. ఆ అమ్మాయి వెనక ఎందుకు పడుతున్నావు, వయసెంత నీకు, సిగ్గులేదా — అరవంలో ఒకటే అరుపులు. పరుగున వెనక్కి పోయా. మా మామగారండీ, మా ఆయన నాన్న! వాళ్ళు చేతులు జోడించి సారీ చెప్పారు. మామయ్య హెల్మెట్ తీసి వాళ్ళ భుజం తట్టారు. "మంచి పని చేసినారు పా. ఎప్పుడూ ఇట్లే అడగండి."

దారి పొడుగునా నవ్వొచ్చింది నాకు. స్నానాలగదిలో మాత్రం ఏడ్చాను. ఇది శేఖర్‌కి చెప్తే ఎంత నవ్వేవాడు...

ఆగస్టు 24, ఆదివారం

అమ్మ ఫోను. "పరిగెత్తే కదే ఆ బిడ్డ పోయింది. నువ్వు కూడానా? నా గుండె ఆగిపోద్దే." పరుగు వల్ల కాదమ్మా, గుండెలో ముందునుంచీ ఏదో ఉందన్నారు డాక్టర్లు... వినదు.

ఫిబ్రవరిలో నేను పుట్టింట్లో, పెదగంజాంలో, పిన్ని కూతురి పెళ్ళిలో ఉన్నా. తను ఆ ఆదివారం కాలువ గట్టున పరిగెత్తుతూ పడిపోయాడట. ఎవరో తన ఫోన్లోంచి మామయ్యకి చేశారు. నేను వచ్చేసరికి ఇంటిముందు షామియానా. అంతే. ఎక్కడ పడ్డాడో నాకు తెలియదు. ఆ చోటు నేను చూడలేదు.

బకింగ్‌హాం కాలువ. మా పెదగంజాంలోనూ అదే కాలువ. "ఈ గట్టు పట్టుకోని పోతా ఉంటే నేరుగా మీ అమ్మోళ్ళ ఇంటి ముందరే తేల్తాం" అనేవాడు. ఒకరోజు పోదాం అనేవాడు.

సెప్టెంబర్ 2

ఇవాళ అర్థమైంది. పార్కు దాటాక వంతెన దగ్గర కాలువ గట్టుకి మలుపు. ఆ మలుపు వచ్చేసరికి మామయ్య నన్ను దాటి ముందుకెళ్ళి, బండి అడ్డంగా ఆపి నిలబడతారు. లారీల కోసం అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఇవాళ అక్కడ లారీ లేదు, ఆటో లేదు, కుక్క కూడా లేదు. అయినా అడ్డం పెట్టారు.

అడిగేశా. "శేఖర్ ఎక్కడ పడ్డాడు మామయ్యా?"

"ఆడేడో మా. ఆడంతా ఒకటే మాదిరి ఉండాది." హెల్మెట్ అద్దం కిందికి దించేశారు.

అత్తయ్యని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపింది. "ఆయనకొక్కరికే తెలుసు. నాకు కూడా చెప్పలా."

సెప్టెంబర్ 7, ఆదివారం

మామయ్య సౌకార్‌పేటలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళారు. ఇదే అదను అనుకుని కాలువకి వెళ్ళా. దొంగలా.

నల్లటి నీళ్ళు. గుర్రపుడెక్క. రేకుల ఇళ్ళు, తాడు కట్టిన మేక, ఎండబెట్టిన చేపలు, మళ్ళీ రేకుల ఇళ్ళు. ఆయన చెప్పింది నిజమే, అంతా ఒకటే మాదిరి. ఇక్కడా? ఈ వేపచెట్టు దగ్గరా? ఈ గతుకులోనా? నీళ్ళు మోసే ఒకామెని అడుగుదామనుకున్నా. ఏమని అడగాలి... ఏడవడానికి ఒక చోటు కావాలనే వెళ్ళాను. ఎక్కడ ఏడవాలో తెలియక తిరిగొచ్చేశాను. పిచ్చిదాన్ని.

సెప్టెంబర్ 10

మామయ్య ఒక్కరి దగ్గరే ఉంది ఆ చోటు. నాకు హక్కు లేదా? భార్యని. ఈ మాట ఆయన ముందు అనలేదు. అనలేను కూడా.

సెప్టెంబర్ 13

రాత్రి అన్నం దగ్గర చెప్పేశా. "రేపు కాలువ వైపు వెళ్తా మామయ్యా. మీరు వచ్చినా రాకపోయినా." అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన మజ్జిగ పోసుకుని కలుపుకుంటూనే ఉన్నారు. తినలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

బండి నాకంటే ముందే స్టార్ట్ అయి ఉంది.

మలుపు వచ్చింది. అడ్డం పెట్టలేదు. తిరిగాను. వెనకే డుగ్ డుగ్. వంతెన నీడ దాటాక నాకు తట్టింది — ఆయన నోటితో చెప్పరు, కానీ ఆ చోటు దాటి ఊరికే పోలేరు కదా. ఇక కళ్ళతో చూడటం మానేశా. చప్పుడు మాత్రమే వింటూ పరిగెత్తా. మేక ఉన్న చోటు దాటింది. వేపచెట్టు దాటింది. ఆ బండిని అంతగా తిట్టుకున్నదాన్నేనా... ఇవాళ అది ఆగకూడదని మొక్కుకుంటున్నా. ఆగాలనీ మొక్కుకుంటున్నా.

ఒక మునగచెట్టు. పక్కన చేతిపంపు. చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిరిగా. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, హ్యాండిల్ పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎవరో ముగ్గు వేశారు అక్కడ, పంపు నీళ్ళకి సగం చెరిగింది. అంతే. ఇంకేం లేదు. ఇంత మామూలు చోటా...

దగ్గరికి పోబోయా. చెయ్యెత్తి ఆపారు.

"ఆగబాక మా. పో. వాడు ఆగింది చాలు."

పోయాను. ఏడుస్తూ పోయాను, నోటితోనే ఊపిరి పీలుస్తూ. గట్టు చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి ఆయన పంపు గట్టు మీద కూర్చుని ఉన్నారు, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని. నేనూ కూర్చున్నా. మునగచెట్టు వైపు చూస్తూ అన్నారు —

"నేను వచ్చేటప్పటికి ఎవరో వాడి బూట్లు విప్పి తల కింద పెట్టి ఉండారు మా. నిద్రపోతా ఉన్నట్టే ఉన్నాడు. లేపినా."



సెప్టెంబర్ 15

వెళ్ళలేదు. ఎవరమూ.

సెప్టెంబర్ 18

అత్తయ్య అడిగింది, "చూపించినారా?" తల ఊపా. "నన్ను కూడా ఒకరోజు తీసుకోని పో. మెల్లిగా నడుస్తా." సరే అన్నా. తర్వాత తనే చెప్పింది, గిన్నెలు తోముతూ, నావైపు చూడకుండా. ఫిబ్రవరిలో ఆ పొద్దున శేఖర్ గేటు తీస్తుంటే మామయ్య పేపర్లోంచి తలెత్తకుండా "పోయిరా నాయనా" అన్నారట. ఆ తర్వాత ఆ మాట ఎవ్వరికీ చెప్పలేదట. "పోస్ట్‌మ్యాన్‌కి కూడా చెప్పలా."

అందుకా. పాల ప్యాకెట్లు, లుంగీ, హెల్మెట్... అందుకన్నమాట. పోయిరా అని పంపే ధైర్యం లేక తనే వెనకాల వచ్చేవారు.

సెప్టెంబర్ 21, ఆదివారం

బూట్లు వేసుకునే రాస్తున్నా. వసారాలో మోపెడ్ మీద కవరు కప్పి ఉంది. మామయ్య గదిలో లైటు వెలుగుతోంది కానీ బయటికి రాలేదు. మోకాళ్ళ నొప్పేమో అనుకుని తలుపు దగ్గర నిలబడ్డా. వెళ్తున్నా మామయ్యా అన్నా. లోపల మంచం కిర్రుమంది. గొంతు సవరించుకున్నారు. మళ్ళీ సవరించుకున్నారు.

"పోయిరా మా."

వంటింట్లో అత్తయ్య చేతిలోంచి ఏదో జారిపడింది.

ఎంత కష్టపడి తెచ్చారో ఆ మాటని. ఇప్పుడు నేను తిరిగి రావాలి. రోజూ పోయినదాన్నే, ఇవాళ భయమేస్తోంది. వెనక చప్పుడు లేకుండా ఎంత దూరం పోగలనో తెలియదు... ఆయన తలుపు వెనకే నిలబడి ఉన్నారు, కాళ్ళ నీడ కనిపిస్తోంది. గేటు ఇంకా తీయలేదు.