కింద గదిలో మంచం తీయించెయ్

రెజైనా, మార్చి 9

వెర్నాకి, నేను కులాసా. మోకాలి వైద్యానికని ఈ ఊరొచ్చిన నన్ను మా అక్క తినిపించి చంపుతోంది.

ఇవాళ ఫిజియోథెరపిస్టు ఒలీసియా కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగమంది. మోకాటిచిప్ప నొప్పి పెడుతుందని మొరాయించాను. "ముప్పై ఏళ్ళు కార్పెట్ సాగదీసే పనిముట్టుని మోకాలితో తన్ని తన్ని కార్పెట్లు పరిచారు, ఇప్పుడు కాస్త తొడలకి పని చెప్పలేరా తాతగారూ?" అంది. కొంచెం నొప్పి పుట్టినా మర్నాటికి సర్దుకుంటే ఫరవాలేదట. నాలుగు మెట్లు దిగాను. నొప్పి ఉంది గానీ, మెట్టు చూస్తే ఇదివరకటిలా గుండె జారడం లేదు.

మన అబ్బాయి డేల్‌ని మోకాళ్ళకి మెత్తలు కట్టుకోకుండా కార్పెట్ పనికి వెళ్ళనీయకు. పిల్లి తింటోందా?

నా కోసం కింద గదిలో మంచం వేయించానని రాశావు. తీయించెయ్. పదమూడు మెట్లూ ఎక్కి నీ పక్కకే వస్తాను.

పిల్లలకి ముద్దులు.

నీ విల్ఫ్