ఇస్త్రీ మామ్మ అనని మాట

జూన్ 3, సోమవారం. ఉదయం పదకొండు.

నేను ఆ మాట అనలేదు. ముందు అది రాయి, తారీఖు తర్వాత వేసుకో అన్నాను. అమ్మాయి తారీఖే ముందు వేసింది. ఇరవై రెండేళ్లు పేపర్ ఆఫీసు డెస్కులో పనిచేసిన మనిషి, దాని అలవాట్లు దానివి.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతాను, అమ్మాయి రాస్తుంది. దానికి యాభై రెండేళ్లుంటాయి, అయినా నాకు అమ్మాయే. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. ఇరవయ్యో తారీఖున కార్పొరేషన్‌లో హియరింగ్ ఉంది. ఏ రోజు ఏం జరిగిందో నీ దగ్గర రాసి ఉండాలి మామ్మా, అక్కడ తడబడ్డావంటే నిజం కూడా అబద్ధంలా వినిపిస్తుంది అంది. సరే కానీ అన్నాను.

సంగతి ఇది. మా వీధిని వెడల్పు చేస్తారట. ఎడమ వైపు పద్నాలుగు కొట్లు పోతాయి. మూడోది నాది, పేపర్ ఆఫీసు మెట్ల కింద. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే ఇస్త్రీ చేస్తున్నాను. వీధిలో అందరికంటే పాత మనిషిని నేనే. ఒప్పుకోం అని పద్నాలుగు మందిమీ ఒక్క మాట మీద నిలబడ్డాం. ఇప్పుడేమో నేను ఒప్పుకున్నానని ఒకాయన రాశాడు.

ఆయనెవరో రేపు చెబుతాను. ఇప్పుడు తలుచుకుంటే చేతిలో చొక్కా మాడిపోయేట్టుంది.

జూన్ 4, మంగళవారం.

కాలర్‌బాబు. ఆ పేరు నేను పెట్టిందే, వీధంతా అదే అంటుంది. పేపర్లో ఆదివారం ఆదివారం రాజకీయాల మీద కాలమ్ రాసేవాడు. సాయంత్రాలు ఛానల్‌లో డిబేట్. వెళ్లేముందు చొక్కా తెచ్చి, కాలరూ ముందు పక్కా చాలు మామ్మా, టీవీలో వీపు కనబడదు అనేవాడు. అంత పెద్ద మనిషి సగం నలిగిన చొక్కాతో వెళ్లి దేశానికి బుద్ధి చెప్పి వచ్చేవాడు.

చొక్కా అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని నన్ను మాట్లాడించేవాడు. ధరలు ఎలా ఉన్నాయి, ఈసారి ఎవరికి వేస్తావు, ఆ మంత్రి సంగతేంటి. నాకు నోరు ఎక్కువ. ఆ మంత్రి ప్యాంటు జేబుల్లో ఏముంటాయో ఉతికేవాడికి తెలుసు, ఇస్త్రీ చేసేదానికి తెలుసు, ఓటేసేవాడికే తెలియదు అని ఓసారి అన్నాను. ఆదివారం పేపర్లో కాలమ్ చివర 'ఇస్త్రీ మామ్మ' అని అదే వచ్చింది. అప్పట్నుంచి పంతొమ్మిదేళ్లు కాలమ్ చివర నేనే. కొందరు కింద నుంచి పైకి చదివేవారట.

కానీ ఒక పద్ధతి ఉండేది. శనివారం మధ్యాహ్నం ఈ అమ్మాయి మెట్లు దిగి వచ్చేది. ఆయన రాసింది చదివి వినిపించి, మామ్మా, ఇది నువ్వన్నదేనా అని అడిగేది. అవునంటే ఉండేది. కాదంటే కొట్టేసేది. ఒకసారి పది లైన్లు కొట్టించాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చొక్కా మాత్రం పంపించాడు.

ఆరు నెలల కిందట ఈయన పేపరూ మానేశాడు, ఛానలూ మానేశాడు. ఫోన్‌లో వీడియో పెట్టాడు. ఇక నాకు బాస్ లేడు, యాడ్స్ లేవు, పాఠకుడే నా యజమాని అన్నాడు. వారానికి రెండు లెటర్లు రాసి ఫోన్‌లకే పంపుతాడట. సబ్‌స్క్రిప్షన్ కట్టినవాళ్లకే తెరుచుకుంటాయి. ఈ అమ్మాయిని అంతకు ముందే పేపర్ వాళ్లు తీసేశారు. డెస్కులో మనుషుల్ని తగ్గించారట. ఇప్పుడు పక్క సందులో జిరాక్స్ సెంటర్లో టైపింగ్ చేస్తోంది.

అంటే శనివారాలు మెట్లు దిగేవాళ్లు ఎవరూ లేరు.

జూన్ 6, గురువారం.

నాకెలా తెలిసిందో కూడా రాయాలట. రాయి.

పోయిన గురువారం టైలరమ్మ నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. ఇరవై ఏళ్లుగా నా పక్క కొట్టు తనది. ఏమేవ్ అన్నాను. పలకలేదు. చెవుడొచ్చిందా అన్నాను. కుట్టుమిషన్ ఇంకా గట్టిగా తొక్కింది.

తర్వాత తాళాలాయన వచ్చాడు, డూప్లికేట్ తాళంచెవులు చేసే మనిషి. ఫోన్ చూపించాడు. కాలర్‌బాబు లెటర్‌లో పైనున్న నాలుగు లైన్లు అందరికీ కనబడతాయి. చదివి వినిపించాడు. నిన్న ఇస్త్రీ మామ్మ దగ్గరికి వెళ్లాను, రోడ్డు వెడల్పు గురించి అడిగాను, ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా కళ్లలోకి చూసి ఏమన్నదంటే, అని ఉంది. ఆ కింద తాళం బొమ్మ. మిగతాది చదవాలంటే చందా కట్టాలి.

ఈయన నా కొట్టు గడప తొక్కి నాలుగు నెలలైంది. పైగా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మాట్లాడానట! ముప్పై ఒక్క ఏళ్లలో ఎవడి కోసం పక్కన పెట్టాను?

ఇంతకీ ఏమన్నావు మామ్మా అని తాళాలాయన నన్నే అడిగాడు. నాకేం తెలుసు, నేనక్కడ లేను కదా అన్నాను. ఊళ్లో ప్రతి తాళం తీశాను గానీ దీనికి నా దగ్గర చెవి లేదు అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అందరం తలా కొంచెం వేసుకుని చందా కట్టి చూద్దామన్నారు కొందరు. ఒంటికాలి మీద లేచాను. నా నోట్లో మాట నేను కొనుక్కోవాలా? కట్టారంటే నా కొట్టు ముందు నుంచి నడవద్దన్నాను.

అదే రోజు పొద్దున్నే కార్పొరేషన్ గుమాస్తా ఒకడు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి టైలరమ్మ దగ్గరికి వచ్చాడట. ఇంకెందుకమ్మా పట్టుదల, మీ మామ్మే ఒప్పేసుకుంది, మా పై ఆఫీసర్లందరూ చదివారు అన్నాడట. నాకు వేరే చోట కొట్టు ఇస్తామన్నారనీ, అందుకే ఊ కొట్టాననీ వీధంతా పాకింది.

చూడు ఎంత చక్కగా ఉందో. ముందు పేపరు టీకొట్టులో బల్ల మీద ఉండేది. ఒకడు చదివితే పది మంది వినేవారు. ఆఫీసరు చదివిందే ప్యూనూ చదివేవాడు. తప్పుంటే సోమవారం పొద్దున్నే వీధి వీధంతా మెట్లెక్కి వెళ్లి అడిగేది. ఇప్పుడు నా గురించిన మాట నన్ను తీసేసేవాళ్లకు అందింది, నాకు అందలేదు.

జూన్ 10, సోమవారం. సాయంత్రం నాలుగు.

ఫోన్ చేశాం. అమ్మాయి నంబర్ నొక్కి స్పీకర్ పెట్టింది.

మామ్మా! ఎంత కాలమైంది, ఆరోగ్యం ఎలా ఉంది అన్నాడు. ఆరోగ్యం సంగతి మీ లెటర్లో రాసే ఉంటారుగా, చూసుకోండి అన్నాను. నవ్వాడు, నీ నోరు మాత్రం మారలేదు అన్నాడు. నోరు నా దగ్గర ఎక్కడుంది బాబూ, మీ దగ్గరే ఉంది, తాళం కూడా వేశారు అన్నాను. అప్పుడు నవ్వు ఆగింది.

నేనెప్పుడు ఒప్పుకున్నాను అని అడిగాను. మామ్మ అంటే ఇప్పుడు నువ్వు ఒక్కదానివే కాదు, అది ఒక పాత్ర అన్నాడు. నీలాంటి చాలామంది పెద్దవాళ్ల మనసులోని మాట కలిపి రాశానన్నాడు. ఆ చాలామందిలో ఒక్కర్ని చూపించండి, వెళ్లి కాళ్లు మొక్కుతాను అన్నాను. సారాంశం చూడాలి మామ్మా అన్నాడు. ఇస్త్రీ కొట్టు పాత్రది కాదు, నాది. రేపు మిషన్ తెచ్చి పాత్రను కూలుస్తారా, నా గోడను కూలుస్తారా?

సరే, వచ్చే లెటర్ కింద ఒక సవరణ పెడతానన్నాడు. తాళం లోపలా బయటా అని అడిగాను. లోపలే, చదివింది వాళ్లే కదా అన్నాడు. బయట పెట్టండి, మా వీధికి కనబడాలి అన్నాను. అన్నీ బయట పెడితే డబ్బు కట్టినవాళ్లు దేనికి కట్టినట్టు మామ్మా అన్నాడు. చాలా ఓపిగ్గా చెప్పాడు, చంటిపిల్లకు చెప్పినట్టు.

చివర్లో నాకు జీవితాంతం ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ ఇస్తానన్నాడు. నాకు చదువు రాదని మర్చిపోయారా అన్నాను. ఆడియో కూడా ఉంది అన్నాడు.

ఫోన్ పెట్టేయమన్నాను.

జూన్ 11.

ఈ రోజు కూడా టైలరమ్మ పలకలేదు.

జూన్ 14, శుక్రవారం.

అమ్మాయితో గొడవ పడ్డాను. ఆయన్ని వెనకేసుకొచ్చింది. ఊరికే వెళ్లలేదు మామ్మా అంది. ఓనరు స్నేహితుడి స్థలాల గురించి రాసిన మూడు కాలమ్‌లు ఆపేశారట. డిబేట్‌లో ఎవరి మీద అరవాలో, ఎవరి మీద అరవకూడదో చీటీ ఇచ్చేవారట. తనే ఆ చీటీలు చూసిందట. తలవంచుకుని ఉండలేక వెళ్లిపోయాడు అంది.

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు అన్నాను. నా ఉద్యోగం కూడా అక్కడే కదా మామ్మా అంది.

నిజమే. ఒప్పుకుంటాను. గొలుసు తెంపుకుని వెళ్లాడు, మంచిదే. వెళ్తూ వెళ్తూ నన్నెందుకు ఎత్తుకెళ్లాడు? ఆపేవాడు వద్దన్నాడు, సరే. అడిగేవాడు కూడా వద్దా? పైన కూర్చుని నోరు నొక్కిన ఓనరూ, కిందికి దిగివచ్చి ఇది నువ్వన్నదేనా అని అడిగిన నువ్వూ ఆయన లెక్కలో ఒకటేనా అన్నాను.

అమ్మాయి రాయడం ఆపి కళ్లు తుడుచుకుంది. అది కూడా రాయి అన్నాను. రాయనంది. రాసింది.

జూన్ 19, బుధవారం.

రేపే. అమ్మాయి ఏం మాట్లాడాలో రాసిస్తానంది. వద్దన్నాను. నా తరఫున రాసినవాళ్లు చాలు.

జూన్ 20, గురువారం. మధ్యాహ్నం మూడు. ఇప్పుడే వచ్చాం.

ఆగకుండా చెబుతాను, రాసుకో.

కార్పొరేషన్‌లో మొదటి అంతస్తు, పొడుగాటి గది. పద్నాలుగు కొట్లవాళ్లమూ వెనక బెంచీల మీద. టైలరమ్మ నాకు మూడు బెంచీల అవతల. ఆఫీసరు చిన్నవాడే, నిద్ర చాలని మొహం. ఫైలు తెరిచి గబగబా చదువుకుంటూ పోయాడు. ఈ వీధిలో అత్యంత సీనియర్ అయిన ఇస్త్రీ కార్మికురాలు ఇప్పటికే సుముఖత వ్యక్తం చేసినట్టు ఒక ప్రముఖ విశ్లేషకులు పేర్కొన్నారు, కాబట్టి మిగతావారు కూడా సహకరించగలరు అన్నాడు. వెనక నుంచి నా వీపు మీద పదమూడు జతల కళ్లు పడటం నాకు తెలిసింది.

లేచాను. ఆవిడ నేనే, నేను ఏమన్నానో చదవండి అన్నాను. సారాంశం చెప్పాను కదమ్మా అన్నాడు. సారాంశం వద్దు, మొత్తం చదవండి అన్నాను. అది ప్రైవేటు లెటర్, చందాదారులకే పరిమితం, బయట చదవకూడదని కింద రాసి ఉంది అన్నాడు. అయితే నేనన్న మాట నాకు తెలియకూడని రహస్యమా బాబూ అన్నాను. రహస్యమైతే ఫైల్లో ఎందుకు పెట్టారు, ఫైల్లో పెడితే ఎందుకు చదవరు అన్నాను. వెనక నుంచి తాళాలాయన, చదవండి సార్, మేమూ వింటాం అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు చదవండి చదవండి అన్నారు.

ప్రింటవుట్ తీసి చదివాడు.

"అభివృద్ధి అనివార్యం నాయనా. ఒక తరం త్యాగం చేస్తేనే మరో తరానికి విశాలమైన దారి. నా ఇస్త్రీపెట్టె ఎక్కడైనా వేడెక్కుతుంది. నగరం మాత్రం ముందుకే నడవాలి."

కిసుక్కున ఎవరో నవ్వారు. చూస్తే టైలరమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. నాయనా అందట! ఇరవై ఏళ్లుగా నన్ను ఏమేవ్ అని తప్ప పిలవలేదు సార్ ఈవిడ, మా ఆయన్ని ఒరేయ్ అంటుంది అంది. అనివార్యం అంటే ఏమిటి మామ్మా అని తాళాలాయన అరిచాడు. నాకేం తెలుసురా, నేనే అన్నానట, అర్థం ఆయన్నే అడుగు అన్నాను. గది గదంతా నవ్వింది. ఆఫీసరు ఫైలు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి.

నేను నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా నిలబడ్డాను. అప్పుడు చెప్పాను. నన్ను ఖాళీ చేయించాలంటే నన్ను అడగండి. కాగితం నాకు చదివి వినిపించండి. నేను ఊ అంటే వేలిముద్ర వేస్తాను, ఊహూ అంటే వేయను. నా ఊ ఇంకొకడి దగ్గర కొనుక్కోకండి. ఇప్పుడు నా మాట ఊహూ. రాసుకోండి.

రాసుకున్నాడు. చదివి వినిపించమన్నాను. రెండోసారి కూడా చదివించాను. ఆ తర్వాతే వేలు అద్దాను. ప్రింటవుట్‌ను ఫైల్లోంచి తీసేశాడు, తీసేసినట్టు కూడా రాయించాను. రోడ్డు సంగతి తేలలేదు. సెప్టెంబర్‌కు వాయిదా. కొట్లు ఉంటాయో పోతాయో ఇంకా తెలియదు. పోతే పోతాయి. నా నోటితో మాత్రం పోవు.

తిరిగి వచ్చేటప్పుడు టైలరమ్మ నా పక్కనే నడిచింది. మెట్లు దిగేటప్పుడు మోచెయ్యి పట్టుకుంది. చెప్పుకోవడానికి దానికి ముఖం లేదు, అడగడానికి నాకు ఓపిక లేదు. ఏమేవ్, మెల్లగా నడు అన్నాను.

జూన్ 27, గురువారం.

సవరణ వచ్చిందట, తాళం లోపలే. జిరాక్స్ సెంటర్‌కు వచ్చే లాయరుగారి ఫోన్‌లో అమ్మాయి చూసింది. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో. గత లెటర్లోని ఒక అంశంపై ఒక పాఠకురాలు అభ్యంతరం తెలిపారు, వారి భావాలను గౌరవిస్తున్నాం, అని.

పాఠకురాలు! అక్షరం ముక్క రాని నన్ను!

తప్పు రాశాను అని లేదు. ఆమె అనలేదు అని లేదు. భావాలను గౌరవిస్తాడట. నా భావాలు ఎవడికి కావాలి?

జూలై 8, సోమవారం.

కాలర్‌బాబు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. రోడ్డు గురించి అడిగాడు. ఎండల గురించి అడిగాడు. మోకాళ్లు ఎలా ఉన్నాయన్నాడు. కోపమా మామ్మా అన్నాడు.

గంటన్నర. పదకొండు దుప్పట్లు ఇస్త్రీ చేశాను. ఒక్క ముక్క మాట్లాడలేదు.

లేచేటప్పుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. చెయ్యి చాపాను. నా మొహంలోకి చూశాడు. కాగితం చింపి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం అమ్మాయికి చూపించాను. తారీఖు ఒక్కటే ఉందట. కింద ఖాళీ.