ఉచితంగా ఇచ్చిన స్టాలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం తింటూ, తిరుగుతూ, ఒకరినొకరు విసుక్కుంటూ క్షేమంగానే ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ, డ్రిల్లింగు హోరులో చెవులకి బిరడాలు పెట్టుకునే పనిచేస్తున్నావని అనుకుంటాను. కిందటి ఉత్తరంలో నీ అక్షరాలు వంకర్లు పోయాయి. చలికో, చెయ్యి నొప్పికో నువ్వు రాయలేదు. రాయవు కూడా. చిన్నప్పుడు మోకాలు పగలగొట్టుకుని వచ్చి, లాగు చిరిగిందని మాత్రమే చెప్పినవాడివి.

అడిగినవన్నీ వరసగా చెబుతాను. పాపకి ముందుపన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని ఇల్లు పీకి పందిరేస్తోంది. మీ బావ మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కలేరు, ఎక్కలేనని ఒప్పుకోరు. మరదలు ఆసుపత్రిలో చీటీలు రాసే పనికే వెళుతోంది, ఒంట్లో బాగానే ఉంది. పెరట్లో నీ మాస్టు బండి టార్పాలిన్ కప్పుకుని పడుకునే ఉంది. నువ్వు చెప్పినట్టే ప్రతి ఆదివారం మేస్త్రి వచ్చి ఇంజను తిప్పి వెళుతున్నాడు. పొగ వస్తోందని పక్కింటావిడ కిటికీ మూసుకుంటుంది; మూసేముందు నాకు వినపడేలా నాలుగు మాటలు అంటుంది. చమురు బావుల్లోంచి పైపులు పైకి లాగే బండిని పెరట్లో పెట్టుకున్నందుకు ఆ మాత్రం పడాలిలే.

ఇక నువ్వు అసలు అడిగింది. ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చినట్టు రాశావు: "ఆ నిబంధన గెలిచిందా అక్కా? గెలిస్తే వచ్చేస్తాను. లేకపోతే ఇక్కడ మూడేళ్ళకి సంతకం పెట్టమంటున్నారు, నెలాఖరులోగా చెప్పాలి." నాన్చితే నీకే నష్టం. గెలవలేదురా. ఓడిపోయిందని కూడా అనలేను. పోటీకి దిగితే కదా ఓడడానికి.

నువ్వు వెళ్ళేనాటికి నేను పనిచేసే సంఘం ఆఫీసు గోడమీద "సభ్య సంస్థలన్నీ ఒకే కుటుంబం" అన్న బోర్డు ఉండేది కదా. ఇప్పుడు దాని వెనక లైటు కూడా పెట్టారు, పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఈ ప్రాంతంలో చమురు తీసేవాళ్ళు, గ్యాసు తీసేవాళ్ళు, వాళ్ళకి పైపులూ వాల్వులూ అమ్మేవాళ్ళు, నీలాగా ఒకే ఒక్క బండితో బావులు బాగుచేసేవాళ్ళు, అందరూ సభ్యులే. శిక్షణ తరగతులు పెడతాం, భద్రతా పరీక్షలు పెడతాం, ప్రమాదం జరిగితే సంతాప సందేశం పంపిస్తాం. ఆ సందేశాలు రాసేది నేనే కాబట్టి చెబుతున్నాను, అందులో పేరు ఒక్కటే మారుతుంది. కుటుంబమే, కాదనను. కాకపోతే అన్నలు ముందు వరసలో మెత్తటి కుర్చీల్లో కూర్చుంటారు, తమ్ముళ్ళు వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన.

మీ చిన్న కంపెనీలన్నీ కలిసి కోరింది ఒక్కటే. పెద్ద కంపెనీ ఏదైనా బయటినుంచి కాంట్రాక్టరును తెచ్చుకునేముందు, సంఘంలో ఉన్న చిన్నవాళ్ళని ఒకసారి అడగాలని. పని ఇచ్చి తీరాలని కాదు, అడగాలని. ఓటంటే కంపెనీకి ఒక చెయ్యి. చేతులు లెక్కపెడితే చిన్నవాళ్ళే ఎక్కువ. హాలు నిండితే నిబంధన గెలిచినట్టే. ఆ సంగతి మీకు తెలుసు, పెద్దవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

ఈసారి వార్షిక సభతో పాటు ప్రదర్శన కూడా పెట్టారు. ఎప్పుడూ పెద్ద కంపెనీలే స్టాళ్ళు పెట్టుకునేవి. ఈసారి కార్యదర్శి గారు చిన్న కంపెనీలన్నిటికీ ఉచితంగా స్టాళ్ళు ప్రకటించారు. టేబులు, దానిమీద గుడ్డ, పేరు బోర్డు, లైటు, అన్నీ సంఘానివే. పెద్ద కంపెనీల్లో పనులు ఇచ్చే అధికారులు స్వయంగా స్టాలు స్టాలూ తిరిగి చూస్తారన్నారు. ఆ మాట బయటికొచ్చాక ఆఫీసు ఫోను ఊపిరి తీసుకోలేదురా. వాల్వులాయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. వెల్డింగు అన్నదమ్ములు తాము అతికిన పైపుముక్కని మెరిసేదాకా రుద్దుకొచ్చారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? నీ సభ్యత్వం ఇంకా ఉంది కాబట్టి నీ పేరుమీద కూడా ఒక స్టాలు రాయించాను. టార్పాలిన్ తీయించి, మేస్త్రి చేత బండి కడిగించి, తలుపుమీద నీ కంపెనీ పేరు మళ్ళీ రాయించి, మైదానంలో గేటు పక్కన నిలబెట్టించాను. మాస్టు పైకెత్తితే మైదానమంతటికీ కనపడింది. నువ్వు చూస్తే ఎంత బాగుండుననిపించింది. పని దొరికాక ఒక్కసారే చెప్పి నిన్ను మురిపిద్దామని అప్పుడు రాయలేదు.

గంట సంగతి నీకు తెలుసు. సంఘం రేకుల షెడ్డులో ఉన్నప్పుడు, కంప్రెసర్ల మోతలో ఎవరికీ ఏదీ వినపడక, సభ మొదలయ్యేముందు చేతిగంట పట్టుకుని నేను అందరి దగ్గరికీ తిరిగేదాన్ని. షెడ్డు పోయి హాలొచ్చినా ఆ అలవాటు పోలేదు. కార్యక్రమం కాయితం ఎవరూ చదవరు, గడియారం ఎవరూ చూడరు. "అక్క గంట కొడుతుందిలే" అంటారు. రూల్సులో మాత్రం గంట ఊసే లేదు. హాలు తలుపుకి కాయితం అంటిస్తే చాలు.

ఓటు భోజనాల తరవాత అని అందరికీ చెప్పారు. భోజనాలకి ఇంకా టైముంది కదా అని నేను నీ బండి దగ్గర నిలబడ్డాను. అప్పుడొచ్చాడు ఒక పెద్ద కంపెనీ కాంట్రాక్టుల మేనేజరు. సన్నటి మనిషి, చేతిలో టీ కప్పు.

"ఈ బండి ఎవరిదండీ?"

"మా తమ్ముడిదండీ."

"మాస్టు ఎంత బరువు లాగుతుంది? ఆఖరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారు?"

చెప్పాను. బ్రేకుల గురించి అడిగాడు. ఇనప తాడు మార్చారా అన్నాడు. మనుషులున్నారా, చెదిరిపోయారా అన్నాడు. అద్దాలు తుడుస్తున్న మేస్త్రిని చూపించి, "ఈయన ఉన్నాడండీ, ఒక్క కేక వేస్తే మిగతావాళ్ళూ వచ్చేస్తారు" అన్నాను. మేస్త్రి గుడ్డ భుజాన వేసుకుని దిగొచ్చి, గొట్టాలూ గేర్లూ ఒక్కొక్కటే చూపించాడు. ఆ మేనేజరు తొందరపడలేదురా. ఇల్లు కొనుక్కోవడానికి వచ్చినవాడిలా వంగి వంగి చూశాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నీకు ఏం రాయాలో లోపల్లోపల వాక్యాలు కూర్చుకుంటున్నాను. గంట నా సంచిలో ఉంది, సంచి బండి మెట్టుమీద ఉంది.

హాల్లోంచి చప్పట్లు వినపడ్డాయి. మేనేజరు ఖాళీ కప్పు నీ బండి బంపరు మీద పెట్టి, "మళ్ళీ మాట్లాడదామండీ" అని వెళ్ళిపోయాడు. సంచిలోంచి గంట లాక్కుని పరిగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కొట్టుకుంటూ మరీ పరిగెత్తాను. స్టాళ్ళలోంచి అందరూ బిలబిలమని వచ్చారు. తలుపుకి అంటించిన కాయితంలో ఓటు వేళ మార్చి ఉంది. లోపల ముందు వరస నిండుగా ఉంది, వెనక ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అధ్యక్షుడు గారు వేదికమీంచి నవ్వుతూ, "రండి రండి, సరిగ్గా భోజనాలకే వచ్చారు" అన్నారు.

అనుకూలంగా ఎవరూ చెయ్యెత్తలేదు కాబట్టి నిబంధన వీగిపోయిందని మినిట్సులో రాసింది నేనే. నీ తరఫున చెయ్యెత్తాల్సిన మేస్త్రి ఆ వేళకి నా పక్కన నిలబడి బండి చూపిస్తున్నాడని ఏ గడిలో రాయను? ఆ వారమే పత్రికలకి పంపిన ప్రకటనలో "చిన్న సభ్యులకు సంఘం ఇంతటి చేయూత మునుపెన్నడూ ఇవ్వలేదు" అని రాయించారు. అదీ నేనే టైపు చేశాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

ఆ మేనేజరు నన్ను ఆపడానికే వచ్చాడో, నిజంగానే బండి నచ్చి వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. వాల్వులాయన మాత్రం తేల్చేశాడు. నేను వినేలాగే అన్నాడు, "తమ్ముడి బండి కోసం అక్క గంట మింగేసింది" అని. ఇప్పుడు ఆఫీసుకొస్తే నా టేబులు దగ్గర కూర్చోడు. నిలబడే పని చూసుకుని పోతాడు.

ఇంతవరకూ రాయడం కష్టం కాలేదురా. మోసపోయానని చెప్పుకోవడంలో కొంచెం సుఖం కూడా ఉంది. దాచింది ఇది కాదు.

తరవాతి వారం ఆ మేనేజరు నిజంగానే ఫోను చేశాడు. నీ బండికి ఏడాది పని ఉందన్నాడు. బయటినుంచి తెచ్చుకున్న కాంట్రాక్టరు కింద చేయాలి, తలుపుమీద నీ పేరు తీసేసి వాళ్ళ పేరు రాయించాలి. నువ్వొచ్చి నడుపుకున్నా సరే, నీ మనుషుల చేత నడిపించినా సరే. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా తమ్ముడికి అక్కర్లేదండీ" అన్నాను. నిన్ను అడగలేదు. మరదలిని అడగలేదు. ఆయన మర్యాదగా, "నెలాఖరుదాకా చూస్తానండీ, మీవాణ్ణి కూడా ఒకమాట అడగండి" అన్నాడు. చూశావా, అడగాలన్న ఇంగితం వాడికుంది, నాకు లేకపోయింది. చిన్నవాళ్ళని అడగాలన్న నిబంధన కోసమే కదా ఇంత ఏడ్చాను.

నీ మేలు కోరి వద్దన్నానని రాద్దామనుకున్నాను. అబద్ధం. ఆ బండి మన గేటు దాటి వాళ్ళ పనికి వెళితే, వాల్వులాయన మాట నిజమైపోతుంది. నేను మాట పడకుండా ఉండడానికి నీ పని కాలదన్నాను.

పైగా గర్వపడ్డాను కూడా. ఆదివారం మేస్త్రి వచ్చినప్పుడు మెచ్చుకుంటాడనే చెప్పాను. ఆయన ఇంజను ఆపేశాడు.

"వద్దన్నారా?"

"మరి ఏం చేయమంటావు? వాళ్ళ దగ్గర చెయ్యి చాపమంటావా?"

"చెయ్యి చాపడం కాదమ్మా, పనే కదా. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, అదీ వాళ్ళ సంఘంలోనే. పరువు మీది, పస్తు మాదా?"

ఉద్యోగం మానేశానని రాయగలిగితే ఈ ఉత్తరానికి కొంచెం మొహం ఉండేది. మానలేదురా. మీ బావ మోకాలు, ఇంటి అద్దె, అన్నీ నా జీతం మీదే నడుస్తున్నాయి. రేపు పొద్దున కూడా వెళ్ళి ఆ వెలిగే బోర్డు కిందే కూర్చుంటాను. నేను తింటున్న చోటనే నీ వాళ్ళని తినొద్దన్నాను. మేస్త్రి టార్పాలిన్ నాలుగు మూలలా కట్టి, చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఎప్పుడూ కాఫీ తాగి వెళ్ళేవాడు.

మరదలికి నిన్న చెప్పాను. పాప బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆగలేదు. "నాకెందుకు చెబుతారు వదినా, ఆయనకి చెప్పండి" అంది. పాప పక్కనే ఈల వేస్తోంది, నాన్న ఎప్పుడొస్తాడని నన్ను అడిగింది. వాళ్ళమ్మ నా వైపు చూసింది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

మేనేజరు నంబరు ఈ కవర్లోనే పెడుతున్నాను. వచ్చి వాళ్ళ పేరుకింద పనిచేస్తావో, గుడ్డికన్నా మెల్ల మేలని మేస్త్రి చేత నడిపిస్తావో, అక్కడే మూడేళ్ళకి సంతకం పెడతావో నాకు తెలియదు. మంచీ చెడ్డా చెప్పే అర్హత నాకు లేదు. నువ్వు సరేనంటే బండి తలుపుమీద నీ పేరు నేనే నా చేత్తో చెరిపేస్తాను. ఎవరు ఏమన్నా పడతాను, పక్కింటావిడ మాటలు పడ్డట్టే. నామీద కోపం వస్తే ఉత్తరం మానెయ్యకు, తిడుతూ రాయి. చెయ్యి నొప్పి ఎలా ఉందో కూడా అందులోనే రాయి.

నెలాఖరుకి ఇంకా వ్యవధి ఉంది, అందుకే ఈ ఉత్తరం ఈ రోజే డబ్బాలో వేస్తున్నాను. ఈసారి గంట వేళకే కొట్టానురా. నీ చెయ్యి నువ్వే ఎత్తు.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ మాట చెప్పేసిన
నీ అక్క