చిటికెన వేలి సంగతి

స్పైట్స్‌టౌన్, బార్బడోస్
మే 19, మంగళవారం

చిరంజీవి ఆన్సెల్‌కు నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మీ అమ్మ, నేను, మేకలు రెండూ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. లీడ్స్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం శుక్రవారం అందింది. అక్కడ మే నెలలో కూడా రెండు స్వెటర్లు తొడుక్కుని కీపింగ్ చేస్తున్నావని చదివి మీ అమ్మ మూడోది మొదలుపెట్టింది. ఈ ఎండలో గుమ్మం ముందు కూర్చుని ఉన్ని అల్లుతుంటే వచ్చేపోయేవాళ్ళు నవ్వుతున్నారు. ఆమె పట్టించుకోవడం లేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. పడవకు రంగు వేయించాను, నీలమే. ఎగిరే చేపలు ఈ ఏడు దండిగా పడ్డాయి. అక్కడ మీ మెర్ల్ అత్త చేసిన మొక్కజొన్న ముద్ద అట్టముక్కలా ఉందన్న మాట మీ అమ్మకు చదివి వినిపిస్తే పొంగిపోయింది. మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఆ సంగతి మా చెల్లెలి చెవిన పడనీయకు.

ఇక నువ్వు ఆఖర్న అడిగింది. మెర్ల్ అత్తకు తపాలాలో వెళ్ళే మన పేపర్లో సిరీస్ గురించి 'బౌండరీ దగ్గరి మనిషి' అనే మారుపేరుతో ఒకడు రాసింది చదివావు. "నాన్నా, ఎవడు వాడు? నా వేలి సంగతి వాడికెవరు చెప్పారు? మేనేజరు గ్లవ్స్ తీయించి చెయ్యి చూశాడు. ముప్పయ్యో తేదీ మొదటి వన్డేలో కీపర్‌గా నేనో, వెండలో ఇంకా తేల్చలేదు" అని రాశావు. కింద ఇంకో మాట కూడా ఉంది. "మన ముగ్గురం కాక ఆ సంగతి తెలిసింది వెండల్‌కే. వాడితో మాటలు మానేశాను."

నాలుగు రోజులుగా ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను. ముందు ఆల్డీన్ కొట్లో జరిగింది చెప్పనీ.

శనివారం పొద్దున ఆల్డీన్ కొట్లో పేపరు గట్టిగా చదువుతుందని నీకు తెలుసు. డామినోలు ఆపి, రమ్ము గ్లాసులు దించి అందరూ వింటారు. మూడు వారాల కిందటి శనివారం ఆ సిరీస్ రాతే చదివింది. "మనం ఇంగ్లండుకు పంపింది జట్టు కాదు, హాజరుపట్టీ. పేరున్న పదకొండుమంది ప్రైవేటు పోటీలకు సంతకాలు పెట్టి పోయాక మిగిలినవాళ్ళను పోగేసి విమానం ఎక్కించారు. మూడు వన్డేల్లో ఒక్కటి గెలిచినా నా టోపీని ఉప్పుచేపతో కలిపి తింటాను." అందరూ విరగబడి నవ్వారు. తరవాతి వాక్యాలు చదివేసరికి ఆమె గొంతు తగ్గింది. "వికెట్‌కీపర్ గిటెన్స్ ఎడమచేతి చిటికెన వేలు పద్నాలుగో ఏట విరిగి వంకరగా అతుక్కుంది. ఎడమవైపు కిందగా వచ్చే బంతి ఆ చేతిలో నిలవదు. ఇన్నాళ్ళూ గ్లవ్స్ చాటున దాగిపోయింది."

ఎవరూ నవ్వలేదు. అందరూ నావైపు చూశారు.

"ఎవడీ వెధవ? మన పిల్లోడి వేలు పట్టుకుని ఊరంతా తిప్పుతున్నాడు!" అంది ఆల్డీన్.

పడవల లవర్న్ ముసలాయన బల్ల గుద్దాడు. "చేప కొనేవాడు మొప్పలు ఎత్తి చూస్తాడు, అది వాడి హక్కు. మనోడే మన చేప కుళ్ళిందని సంతలో అరుస్తాడా? గిటెన్స్, నువ్వా పేపర్లోనేగా చేసేది? ఎవడో పేరు చెప్పు చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

"నేను స్కోర్లు కూర్చేవాణ్ణి. ఆ పెద్దపెద్ద రాతలు నాకేం తెలుస్తాయి?" అన్నాను.

డామినో ముక్క తీసి బల్లమీద పెట్టాను. తప్పు ముక్క. అయినా ఎవరూ ఎత్తిచూపలేదు, జాలిపడ్డారు.

ఆన్సెల్, ఆ మనిషిని నేనే. తొమ్మిదేళ్ళుగా నేనే. ఎడిటర్ యియర్‌వుడ్‌కు తప్ప ఎవరికీ తెలియదు, మీ అమ్మకూ తెలియదు. వెండల్ పాపం ఏమీ ఎరగడు.

"జట్టులో నీ కొడుకున్నాడు కదా, ఈసారి వేరేవాళ్ళచేత రాయిస్తాలే" అన్నాడు యియర్‌వుడ్. నేను ఒప్పుకోలేదు. "కలం పట్టాక నాకు కొడుకూ లేడు, కూతురూ లేదు" అని గొప్పలు పోయాను. రాస్తూ నీ గురించి మంచిమాట వచ్చినచోటల్లా కొట్టేశాను. నువ్వు పట్టిన క్యాచ్‌లు నూట పన్నెండు, ఎడమవైపు జారినవి నాలుగే. ఆ స్కోర్లు కూర్చింది నేనే, నాకు తెలుసు. అది రాయలేదు. వేలు మాత్రం రాశాను. చదివి యియర్‌వుడ్ "రాతంటే ఇదీ" అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషం వేసింది. అది తలుచుకుంటే ఇప్పుడు అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను.

మీ అమ్మ ఆ మూడు వారాలూ "ఆ రాసినవాడి చెయ్యి పడిపోను" అంటూ ఆ చేతికే అన్నం వడ్డించింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెప్పేశాను. అల్లిక పక్కన పెట్టింది. తిట్టలేదు. "వేలు విరిగిన రోజు వాడేమన్నాడో గుర్తుందా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు.

గుర్తుంది. పొద్దున్నే సముద్రపు ఒడ్డున నీకు క్యాచ్‌లు విసురుతున్నాను. బంతి తడిసి రాయిలా ఉంది. పడవలవాళ్ళు వలలు వదిలి చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నారని అవసరానికి మించి బలంగా విసిరాను. ఇంటికొచ్చి, వాచిన చెయ్యి చంకలో దాచుకుని, మీ అమ్మతో నువ్వన్నావు: "నాన్న బాగానే వేశాడమ్మా. నేనే సరిగ్గా పట్టలేదు."

రెండుసార్లూ నలుగురూ చూస్తున్నారనే విసిరాను. రెండుసార్లూ నీ వేలికే తగిలింది.

ఈ ఉత్తరం ముందు వెండల్‌కు చూపించు. నా తరఫున క్షమాపణ అడుగు. తరవాత మేనేజరుకు చూపించు, ఆ నూట పన్నెండు సంగతి చదవమను. ఈ శనివారం పేపర్లో ఇదే మాట నా సొంత పేరుతో పడుతుంది, ఆ తరవాత బౌండరీ దగ్గర ఎవరూ ఉండరు. ఆల్డీన్ ఎప్పటిలాగే గట్టిగా చదువుతుంది. నేను అక్కడే, లవర్న్ ఎదురుగానే కూర్చుంటాను.

ముప్పయ్యో తేదీ పొద్దున్నే రేడియో పెడతాం, నువ్వు ఆడినా ఆడకపోయినా. నీకు తోచింది రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు, ఉత్తరం రాయకూడదనిపిస్తే మానెయ్యి. ఈసారి మాత్రం "నేనే సరిగ్గా పట్టలేదు" అని రాయకు నాయనా.

ఇట్లు,
ఇకమీదట పేరు దాచుకోని
మీ నాన్న,
లైల్ గిటెన్స్