నా వైపు ఒరిగిన బస్సు

అన్నయ్యా,

డబ్లిన్‌లో నేను కులాసా, బెంగ పడకు. వీసా తొందరగా వచ్చే దేశం చూసుకోమని నువ్వు, చక్రాల కుర్చీతో బస్సెక్కనిచ్చే దేశమే కావాలని నేను, ఎంత పోట్లాడుకున్నాం! నిన్న ఆఫీసుకెళ్తుంటే బస్సు నా వైపు ఒరిగి ర్యాంపు చాపింది. నేనేమో హనుమాన్ జంక్షన్‌లో నువ్వెత్తి ఎక్కించేటప్పటిలాగే, నీ మెడ కోసం రెండు చేతులూ పైకెత్తేశాను! పలకరించాననుకుని డ్రైవరూ చెయ్యెత్తాడు. నవ్వేశాను గానీ, ఆఫీసు దాకా ముక్కులో నీ చొక్కాకంటిన మామిడి సొన వాసనే.

చిన్న రసాలు కోతకొచ్చాయా? వదినని మాగాయలో కారం తగ్గించొద్దను, ఇక్కడ కూరలన్నీ చప్పిడి. తనకి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

భుజం నొప్పి తగ్గేదాకా నువ్వు కాయల ట్రేలు ఎత్తకు. ఆ భుజం నాది.

నీ చెల్లి,
మణిమాల