బావిని బట్టి కట్టిన లెక్క

తమ్ముడూ,

ఈరోజు నీ సంవత్సరీకం. వంట ముగిసేసరికి నీ శిష్యురాలు సరళ విశాఖ నుంచి కంప్యూటర్ పట్టుకుని వచ్చింది. మన ఉద్దానం కిడ్నీ జబ్బు మీద నువ్వు అచ్చువేయించిన ఫలితం తప్పని ఎవరో అన్నారట. నీ సర్వేనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో వేసి, అదే ఫలితం వస్తుందో లేదో చూస్తానంది. మనిషికీ మనిషికీ ఉన్న తేడాతో పాటు గుంపుకీ గుంపుకీ ఉన్న తేడాను కూడా లెక్కగట్టే మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్ అట. నీ మాట నిలవాలని దేవుడి ముందు దీపం పెట్టాను.

ఎన్నిసార్లు చేసినా కలవలేదు. పాపం, ముఖం చిన్నబోయి అరుగు మీద కూర్చుంది. పక్కింటి కాంతమ్మ వదిన పలకరిస్తే, "మీదే ఊరు పిన్నీ?" అని అడిగింది.

"మాది పూండి."

"మరి ఇక్కడ?"

"పెళ్లయిన కాడ్నుంచీ ఇక్కడే. ఆడదాన్ని ఊరడిగితే కన్నోరి ఊరు సెప్పదేటి? ఏటి సదువులమ్మా మీవి!"

సరళ నవ్వలేదు, గబగబా లోపలికి వెళ్ళింది. తను ఊరిని బట్టి గుంపులు కట్టింది. సర్వేలో చాలామంది ఆడవాళ్ళు పుట్టింటి ఊరే చెప్పారు, దాంతో తాము ఉండని ఊరి గుంపులో పడ్డారు. నువ్వేమో నీళ్ళు తాగే బావిని బట్టి కట్టావు. అలా మార్చి వేస్తే నీ ఫలితమే వచ్చింది.

"సార్ లెక్క కరెక్టేనండీ" అని నా చేయి పట్టుకుంది. జబ్బు ఎక్కువున్న బావులేవో చూపించింది. వాటిలో మనదీ ఉంది.

బిందె పట్టుకుని మన బావి వైపు వెళ్తున్న వదినను వెనక్కి పిలిచాను.

నీ పెద్దక్క